వీరుడికి కంబళి ఉండాల్నా వద్దా?

కర్ణాటకలో ఉండే మా పావగడ తాలూకాను బాగుచేసింది ఏదో మీకు తెలుసునా? వానలు కాదు, అవి మమ్మల్ని మరిచిపోయి చాన్నాళ్ళయింది. రోడ్లు కాదు. ఎండను పట్టి కరెంటు చేసే ఆ నల్ల ప్లేట్లూ కాదు. ఒక సూపర్ హీరో సినిమా మీద మా పిల్లోళ్ళు పెట్టుకున్న కొట్లాట!

నవ్వొద్దు. నవ్వేవాళ్ళు ఈడికే చదవడం ఆపేయండి, ఇది మీలాంటోళ్ళకు రాసింది కాదు.

సంగతి తెలియనోళ్ళకు ముందు అది చెప్తా. "నల్లగద్ద" అని ఒక బొమ్మల పుస్తకం. ఒకప్పుడు వై.ఎన్.హొసకోట బస్టాండు అంగళ్ళల్లో దారానికి వేలాడేది. హీరో ఒక గొర్లకాపరి. పొద్దంతా గొర్లు మేపుతాడు. ఎవరికైనా ఆపద వచ్చిందా, నల్ల కంబళి ఒకసారి దులిపి భుజాన వేసుకుంటాడు. గాలి లేస్తుంది. గాలితోపాటు ఆయనా లేస్తాడు. అంతే కథ. అంతకన్నా ఏం కావాలి?

ఆ పుస్తకాన్ని ఇప్పుడెవరో కోట్లు పోసి సినిమాగా తీస్తున్నారు. ట్రైలర్ వచ్చింది. చూస్తే ఏముంది? కంబళి లేదు! గొర్లు లేవు! హీరో బెంగళూరులో ఇంజినీరు. ఒంటికి అతుక్కున్న రబ్బరు డ్రెస్సు, వీపుకు ఫ్యాన్లు, నడుముకు బ్యాటరీ. ఏమయ్యా ఇది అంటే, ఈ కాలం జనం నమ్మాల కదా, అందుకే రియలిస్టిక్‌గా తీసినాం అన్నాడంట డైరెక్టరు.

ఆ పొద్దే మా తాలూకా రెండుగా చీలింది. పుస్తకంలో ఎట్లుందో అట్లే తీయాల, కంబళి తీసేస్తే వాడు నల్లగద్ద కాదు, రబ్బరుగద్ద అనేది ఒక జట్టు. వీళ్ళు ఒరిజినల్ వాళ్ళు. బట్ట కప్పుకుంటే మనిషి ఎగురుతాడా, మేమేమన్నా చంటిపిల్లోళ్ళమా అనేది ఇంకో జట్టు. వీళ్ళు రియాలిటీ వాళ్ళు. మూడో జట్టు లేదు. ఉంటే తంతారు.

దీనివల్ల ఎంత మేలు జరిగిందో చూడండి.

గ్రావిటీ అంటే కొత్త రకం సబ్బు అనుకునే పిల్లోడు ఇప్పుడు టీ అంగడి ముందు నిలబడి బరువు, వేగం, గాలి ఒత్తిడి అని గంటలు గంటలు మాట్లాడుతున్నాడు. స్కూల్లో మేష్ట్రు బెత్తం విరిగేదాకా చెప్పినా ఎక్కనిది ఒక్క ట్రైలర్ ఎక్కించింది. పాఠం పుస్తకం ముట్టనోడు బొమ్మల పుస్తకాన్ని పేజీ పేజీ నమిలి, పద్నాలుగో భాగంలో కంబళి అంచుకు ఎర్రదారం ఉండాదా లేదా అని సాక్ష్యం చెప్తున్నాడు. విద్య ఇంకెట్లుంటుందండీ?

ఇంతకుముందు గట్టు జరిపినాడని అన్నదమ్ములు కొడవళ్ళు తీసేవాళ్ళు. ఇప్పుడు గట్లు యాడున్నాయి? అన్నింటిమీదా ప్లేట్లు పరిచినారు. కొట్లాటకు ఏదో ఒకటి కావాల కదా మనిషికి! పాపం, దేవుడే ఆలోచించి ఈ సినిమా పంపినాడు.

తిరుమణిలో శిల్పశ్రీ అని ఒక అమ్మాయికి సంబంధం వచ్చింది. జాతకాలు కలిసినాయి. పెద్దోళ్ళు ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి అబ్బాయిని ఒక్కటే అడిగింది, వీరుడికి కంబళి ఉండాల్నా వద్దా అని. వాడు మర్యాదకుపోయి రెండూ బాగుంటాయి అన్నాడు. సంబంధం తప్పిపోయింది. మంచిదే కదా! ఏదో ఒకపక్క నిలబడడం చేతకానోడికి పిల్లనెట్లా ఇస్తారు?

ఇంత జరుగుతున్నా ఎక్కడా నెత్తురు కారలేదు. ఎందుకంటారా? వాదన ముదిరి చొక్కాలు పట్టుకునే సమయానికి సరిగ్గా కరెంటు పోతుంది. ఫోన్లు చచ్చిపోతాయి. కంచెకు అవతల కనుచూపు మేర కరెంటు పండుతా ఉంటుంది, కంచెకు ఇవతల మా పిల్లోళ్ళు చార్జరు చేత్తో పట్టుకుని, ఎదుటి జట్టోడిని తిట్టడానికి కరెంటు ఎప్పుడొస్తుందా అని ఓర్పుగా కూర్చుంటారు. ఇంత ఓర్పు గల యువతరం ఇంకే దేశంలో ఉంది?

కానీ చెప్పాల్సినంత మేలు చెప్పినాక చెడు కూడా చెప్పాల. ఈ వరాన్ని పాడుచేయాలని ఒక ఆడమనిషి చూసింది. ఆమె పేరు సంజీవమ్మ.

రాయచెర్లు అవతల ఒక ఊరు. పేరు రాయను. రాస్తే పక్కనున్న ఊళ్ళోళ్ళంతా అది మా ఊరే అని కొట్లాటకొస్తారు, ఎందుకంటే అన్ని ఊళ్ళ కథా అదే. సంజీవమ్మకు గొర్ల మంద ఉంది. మొగుడు కొల్లప్ప మోకాళ్ళ నొప్పితో ఎక్కువదూరం నడవలేడు. కొడుకు ఈరేశ్ సోలార్ ప్లాంటులో ప్లేట్లు కడిగే పనికి పోతాడు, మిగిలిన పొద్దంతా రియాలిటీ జట్టుకు నాయకత్వం చేస్తాడు. కాబట్టి మంద వెంట తిరిగేది సంజీవమ్మే.

ఆమె బాధ ఏందంటే గొర్లు నీళ్ళు తాగే కుంట ప్లేట్లకు అవతల ఉంది. ముందు దానికి బండ్లబాట ఉండేది. భూములు లీజుకు తీసుకున్నప్పుడు కంపెనీ పెద్దమనిషి స్కూలు ముందర షామియానా కింద నిలబడి, ఊరందరి ఎదుటా, జీవాల బాటకు మేము అడ్డం రాము, గేటు పెడతాం గానీ పగలంతా తెరిచే ఉంటుంది అన్నాడు. జనం చప్పట్లు కొట్టినారు. కొన్నేళ్ళు తెరిచే పెట్టినారు కూడా. తర్వాత ఎవడో కేబులు కోసుకుపోయినాడని, కొత్త కాంట్రాక్టరు వచ్చి తాళం వేసినాడు. కేబులు కోసినోడు రాత్రి కంచె దూకి వచ్చినాడు. తాళం పడింది పగలు గేటులో నడిచే గొర్లకు. దీంట్లో తప్పేముంది? కంచె దూకడం గొర్లకు రాదు కదా!

అప్పట్నుంచీ మంద కంచె పొడవునా తారురోడ్డు మీద చుట్టూ తిరిగి పోవాల. పోయేటప్పటికి ఎండ నెత్తికెక్కుతుంది. పోయిన ఎండాకాలం చూడి గొర్లు రెండు ఆ రోడ్డు మీదే కూలబడినాయి, మళ్ళీ లేవలేదు. ఈసారి మందలో చూడివి ఇంకా ఎక్కువున్నాయి. గేటు తెరవకపోతే మందను అమ్ముకోవడమే. మంద అమ్మితే సంజీవమ్మకు చేతిలో ఇంకేం ఉండదు.

కాపలా ఉండే హనుమంతరాయను అడిగింది. వాడు ఊరోడే, వరసకు తమ్ముడు. ఆర్డర్ లేదక్కా అన్నాడు. కాంట్రాక్టరును అడిగితే ఊరి పంచాయితి ఠరావు, అంటే తీర్మానం, చేసి పంపితే చూస్తాం అన్నాడు. పంచాయితి ఆఫీసరు పీడీఓను అడిగితే, ఠరావు చేయాలంటే గ్రామసభ జరగాల, సభ జరగాలంటే జనం రావాల, మీ ఊళ్ళో జనం యాడొస్తారు అని కన్నడంలో నవ్వినాడు. ఆయన చెప్పింది నిజమే. మా ఊళ్ళల్లో గ్రామసభ అంటే బెంచీలు, పీడీఓ, టీ తెచ్చే పిల్లాడు, నీడకు వచ్చి పండుకున్న కుక్క. అంతే.

సంజీవమ్మ ముందు కొడుకును బతిమాలింది.

"నీ జోడుగాళ్ళను పిల్చుకుని సోమవారం గ్రామసభకు రాప్పా. ఊరికే చెయ్యెత్తితే చాలు."

"ఆ పొద్దు మాకు లైవ్ ఉండాది మా."

"లైవ్ అంటే ఏంది?"

"ఫోన్‌లో అందురూ చూస్తారు. కంబళి గురించి తేల్చేసేది."

"ఫోన్‌లో అందురూ వస్తే, సభకు ఎవురొస్తారప్పా?"

ఈరేశ్ చార్జర్ పెట్టుకోవడానికి లేచిపోయినాడు.

సంజీవమ్మ ఆ పొద్దంతా మంద వెంట తిరుగుతా ఆలోచించింది. సాయంత్రం కొళాయి దగ్గర గోపాలప్ప భార్య భాగీరథమ్మ కనిపించింది. ఆమె కొడుకు గోపికృష్ణ ఒరిజినల్ జట్టుకు పెద్ద. సంజీవమ్మ బిందె దించి, ఎవరూ వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, మా ఈరేశ్ వాళ్ళు సోమవారం గ్రామసభలో కంబళి అక్కరలేదని ఠరావు రాయించి సర్కారు ముద్ర వేయిస్తారంట వదినా, మీవాడికి చెప్పొద్దు అంది. చెప్పొద్దు అంటే ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ఇంటికి వచ్చి కొడుకుతో, గోపిగాళ్ళు సభకు పోయి కంబళి ఉండాల్సిందే అని ఠరావు చేయిస్తారంట, నాకేం తెలుసు, కొళాయి దగ్గర అనుకుంటాండారు అంది.

చూసినారా ఎంత దుర్మార్గం! పవిత్రమైన సినిమా చర్చను తీసుకుపోయి గొర్లకు నీళ్ళు పట్టాలని చూసింది!

సోమవారం సభకు జనం వచ్చినారండీ. వచ్చినారంటే మామూలుగా కాదు. స్కూలు కాంపౌండు బయట బైకులు పెట్టడానికి చోటు లేదు. తిరుమణి నుంచి షేరాటోల్లో వచ్చినారు. హొసకోట నుంచి ఫ్లెక్సీ వేయించుకుని వచ్చినారు. పీడీఓ జీపు దిగి ఆ గుంపు చూసి మొహం పాలిపోయి, ఊళ్ళో ఎవరైనా పోయినారా అని అడిగినాడు. సభకే వచ్చినారు సార్ అంటే నమ్మలేదు.

సంజీవమ్మ కొత్త చీర కట్టుకుని ముందు బెంచీ మీద కూర్చుంది. పక్కన తోడుకు వచ్చిన పొరుగింటి నాగక్క. మందను ఆ పొద్దు దొడ్డిలోనే ఉంచి ఆకు వేసి వచ్చింది.

సభ మొదలైంది. పీడీఓ నోరు తెరిచేలోపల గోపికృష్ణ లేచినాడు. కంబళి లేని నల్లగద్ద, కొమ్ముల్లేని పొట్టేలు ఒకటే అన్నాడు. మన తాతలు కప్పుకున్న గుడ్డను సినిమావాళ్ళు సిగ్గుపడి తీసేసినారు, ఇది పుస్తకానికే కాదు మనకూ అవమానం అన్నాడు. ఈలలు పడినాయి. ఈరేశ్ లేచినాడు. కంబళి తడిస్తే ఎంత బరువుంటుందో మీకెవరికైనా తెలుసా అన్నాడు. ఈ ఎండలో ఉన్నిగుడ్డ కప్పుకుని కొట్లాడే మనిషి యాడుంటాడు, కొంచెం రియాలిటీలో బతకండప్పా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు వాడి నాయన కొల్లప్ప ఆ ఎండలోనే కంబళి కప్పుకుని గోడకు ఆనుకుని కూర్చోనుండాడు. వాడికి కనపడలేదు. రియాలిటీలో మునిగినోళ్ళకు పక్కనున్నది కనపడదు మరి.

గంట గడిచింది. రెండు గడిచినాయి. బ్యాటరీ బరువు ఎంత, గాలి యాడ్నుంచి యాడికి కొడుతుంది, పుస్తకం రాసినోడు పైన యాడుండాడో వాడి ఆత్మ ఏమంటుంది, అన్నీ వచ్చినాయి. పీడీఓ గడియారం చూసుకుంటాండాడు. ఆయనకు ఇంకో ఊళ్ళో సభ ఉంది, అంతకన్నా ముఖ్యంగా ఆకలైతాంది. ఇది తెగేది కాదని తెలిసి, సరే, చేతులెత్తండి, ఠరావు రాసుకుంటా, వీరునికి కంబళి కావాలనేవాళ్ళు ఎవరు అని అడిగినాడు.

ఒరిజినల్ జట్టు ఎత్తింది. చూస్తే రెండు జట్లూ సమానంగానే ఉన్నాయి. అప్పుడు వెనకనుంచి ముసలోళ్ళు చేతులెత్తినారు. ఒక్కరు కాదు, వరసగా గోడకు ఆనుకున్నోళ్ళంతా. కొల్లప్ప అయితే రెండు చేతులూ ఎత్తినాడు.

వాళ్ళకు సినిమా సంగతి ఏం తెలుసు? పోయిన ఏడాది గొర్లకాపరులకు సర్కారు టార్చిలైట్లు పంచింది, అంతకుముందు ఏడాది గొడుగులు. ఈ ఏడాది కంబళ్ళు ఇస్తున్నారనుకున్నారు. మారెప్ప అనే ముసలాయన నిలబడి, "సార్, ఒంటికొకటా, ఇంటికొకటా?" అని అడిగినాడు. కోడళ్ళకు వేరేగా రాయాల్నా అని కరియవ్వ అడిగింది. పీడీఓకు నవ్వాలో ఏడవాలో తెలియక అందరికీ రాస్తా అన్నాడు.

అట్లా ఠరావు గెలిచింది. సినిమాలో వీరునికి కంబళి కప్పవలెను అని ఈ సభ ఒక్క గొంతుతో కోరుతున్నది, అని కన్నడంలో రాసి ముద్ర కొట్టినారు. ఒరిజినల్ జట్టు గోపికృష్ణను భుజాల మీదికి ఎత్తుకుంది. అందరూ ఆ ముద్రను ఫోటోలు తీసుకున్నారు. ఆ స్కూలు దగ్గర నెట్‌వర్కు రాదు, ఫోటోలు పెట్టాలంటే గుట్ట ఎక్కాల. బిలబిలమని అందరూ గుట్టకు పరుగెత్తినారు. ఓడిపోయిన జట్టు ఇంకా ముందు పరుగెత్తింది, సభలో మోసం జరిగిందని ముందుగా పెట్టాల కదా!

అప్పుడు సంజీవమ్మ లేచి, సార్, ఆ గేటు సంగతి అంది.

పీడీఓ చుట్టూ చూసినాడు. బెంచీలు. టీ పిల్లాడు. కుక్క. కంబళి పట్టీలో పేరు రాయించుకుందామని కూర్చున్న ముసలోళ్ళు కొంతమంది. "ఇప్పుడు కోరం లేదమ్మా," అన్నాడు. "ఇంత మంది మళ్ళీ వచ్చినప్పుడు చూద్దాం."

మాట కాదనడానికేం లేదు. రూలు రూలే.

ఇంతవరకూ చదివి, అయ్యో పాపం అనుకుంటున్నారా? అనుకోవద్దు. అసలు మహిమ ఇప్పుడుంది. ఆ ముద్ర ఫోటో ఊరు దాటింది, తాలూకా దాటింది, రాష్ట్రం దాటింది. గ్రామసభే ఠరావు చేసిందని టీవీల్లో వచ్చింది. వారం తిరక్కముందే డైరెక్టరు చేతులు జోడించి వీడియో పెట్టినాడు. అభిమానుల మనసు నొప్పించినందుకు క్షమించండి, మా వీరుడు కంబళి కప్పుకుంటాడు, గొర్లు కూడా ఉంటాయి, ఆ సీను మీ సోలార్ పార్కులోనే తీస్తాం అన్నాడు.

కోట్లు పెట్టినోడు, మనల్ని ఏనాడూ చూడనోడు, మా పిల్లోళ్ళ నోటికి జడిసి దిగివచ్చినాడండీ! ఇంకెవరన్నా అనండి చూద్దాం, బీదోళ్ళ మాట ఎవరూ వినరని!

షూటింగు వచ్చింది. పెద్ద పెద్ద వ్యాన్లు వచ్చినాయి. వ్యాన్లు లోపలికి పోవాలంటే గేటు తెరవాల. తెరిచినారు. ఎవరినీ అడగలేదు, ఠరావు లేదు, కోరం లేదు. హనుమంతరాయ తాళంచెవి తీసుకుని పరుగున వచ్చి రెండు రెక్కలూ బార్లా తీసి, గాలికి మూసుకోకుండా రాళ్ళు కూడా పెట్టినాడు. లోపల డైరెక్టరుకు గొర్లు కావాల. ఊళ్ళో బాగుండే మంద ఎవరిది అంటే అందరూ సంజీవమ్మను చూపించినారు.

సంజీవమ్మ ఏమీ బేరం ఆడలేదు. ఆ గేటులో పోవాల్నా అని ఒక్కటే అడిగింది. అవునమ్మా, గేటులో పోయి కుంట దాకా పోవాల, వెనక ఆకాశంలో మావాడు కంబళితో ఎగురుతాంటాడు అన్నారు. ఆమె అదిలించింది. మంద కదిలింది. ఆ దారి మూసి ఇంతకాలమైనా గొర్లు మరిచిపోలేదు. తలకాయలు వంచుకుని నేరుగా పాతబాట పట్టి, ప్లేట్ల మధ్య సందులో దిగి, కుంటలో మూతులు పెట్టినాయి. దాన్ని చూస్తా సంజీవమ్మ గట్టుమీద కూర్చుండిపోయింది. కెమెరా యాడుందో కూడా చూడలేదు.

డైరెక్టరుకు నచ్చలేదు. ఎండ సరిపోలేదని ఇంకోసారి పొమ్మన్నాడు. కంబళి దారం ఫ్యాన్‌లో చుట్టుకుందని ఇంకోసారి. పోయిన ప్రతిసారీ గొర్లు తాగినాయి. చివరికి పొట్టలు నిండి, గేటు దగ్గరే నిలబడి నెమరేస్తా ఉండిపోయినాయి. డైరెక్టరు టోపీ తీసి నేలకు కొట్టి, గొర్రెల్లో దాహం కనపడ్డం లేదు అన్నాడు. నిజమే! ఆ ఒక్కపూట తప్ప ఎప్పుడొచ్చి తీసినా బ్రహ్మాండంగా కనపడేది, పాపం ఆయన ఆ ఒక్కపూటే వచ్చినాడు.

పొద్దు వాలకముందే వ్యాన్లు వెళ్ళిపోయినాయి. హనుమంతరాయ రాళ్ళు తీసినాడు, రెక్కలు దగ్గరికేసినాడు, తాళం పెట్టినాడు. సంజీవమ్మ బయట నిలబడి చూస్తాంది. ఆమె మొహం చూడలేక వాడు తాళాన్నే రెండుసార్లు లాగి చూసుకున్నాడు.

మొన్న ఆ సీను బయటికి వదిలినారు. వీరుడు కంబళితో ఎగురుతాండాడు. కింద గొర్లమంద, బార్లా తెరిచిన గేటు, మెరిసే ప్లేట్లు, నీళ్ళు. చూడడానికి రెండు కళ్ళు చాలవు. తాలూకా మొత్తం చూసింది. అప్పుడు జరిగిందండీ అసలైన అద్భుతం. ఇన్నాళ్ళూ ఉప్పూ నిప్పుగా ఉన్న రెండు జట్లూ మొదటిసారి ఒక మాట మీదికి వచ్చినాయి!

ఆ మాట రాసింది ఈరేశే. పైకి చెప్పలేనంత సంతోషంతో ఇంటికొచ్చి, సందులో కూర్చుని జొన్నలు చెరుగుతున్న తల్లికి ఫోను చూపించినాడు. చూడు మా, ఎన్ని లైకులో, గోపిగాడు కూడా ఒప్పుకున్నాడు అన్నాడు.

"ఏం రాసినావప్పా?"

"అంతా బాగుండాది గానీ ఆ గేటుకాడ లాజిక్ లేదు అని రాసినా. సోలార్ పార్కులో గేటు అట్ల తెరిచి, గొర్లను యాడ పోనిస్తారు మా? జనం నమ్మాల కదా. గోపిగాడు కూడా, పుస్తకంలో గేటే లేదు, అది పీకేయాల అన్నాడు."

సంజీవమ్మ చేట కింద పెట్టింది.

"దాంట్లో పోయింది ఎవుని గొర్లు?"

"మనవే."

"తోలుకుని పోయింది ఎవురు?"

"నువ్వే. అది షూటింగ్ మా. నిజం గాదు."

"అవి తాగింది నిజం నీళ్ళే కదప్పా."

ఈరేశ్ ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసినాడు. ఏదో చూస్తున్నట్టు నటించినాడు. తల్లి చేట ఎత్తుకోలేదు, చూపు తిప్పుకోలేదు. చివరికి నేల చూస్తా అన్నాడు.

"నేను ఆడ ప్లేట్లు కడుగుతాండా మా. గేటు మాట ఎత్తితే రేపట్నుంచి పన్లోకి రావద్దంటారు."

"అట్ల చెప్పు," అంది సంజీవమ్మ. గొంతు పెంచలేదు. "భయమైతాంది అని చెప్పు, నేనేమన్నా అంటానా? నాకూ భయమే. దానికి లాజిక్ అని పేరు పెట్టొద్దు."

తల్లికి ఇంత మాట రావడం మంచిది కాదు. పిల్లోడు చెడిపోయినాడు. ఆ సాయంత్రం కరెంటు రాగానే గ్రూపులో ఇంకో మాట రాసినాడు. గేటు తెరవడంలోనే లాజిక్ ఉండాది, మూసినోళ్ళను అడుగుదాం, రేపు పొద్దున ఎవురొస్తారు అని. అంతే! రియాలిటీ వాళ్ళు వాడిని తీసేసినారు. ఒరిజినల్ వాళ్ళు చేర్చుకోలేదు. సినిమా గ్రూపులో రాజకీయాలు ఎందుకప్పా అని గోపికృష్ణ మర్యాదగానే చెప్పినాడంట.

పొద్దున సంజీవమ్మ మందను చుట్టుదారికి తోలలేదు. నేరుగా గేటు ముందరికి తెచ్చి నిలబెట్టింది. పక్కన ఈరేశ్ వచ్చి నిలబడినాడు, పనికి పోయే డ్రెస్సులోనే. లోపల హనుమంతరాయ, చేతిలో తాళంచెవి. ఇది రాసే పొద్దుకు ఇంకా అట్లే నిలబడి ఉన్నారు.

పాఠకులారా, మిమ్మల్ని చేతులు జోడించి అడుగుతున్నా. మన చర్చను ఆపొద్దు. కంబళి అంచు ఎరుపా నలుపా, ఇంకా తేలలేదు. దాని పని చూడండి. తప్పిజారి కూడా ఆ గేటు పక్కకు పోవద్దు. ఆ సోమవారం సభకు వచ్చినంత మంది పోయి నిలబడితే అది తెరుచుకున్నా తెరుచుకుంటుంది. తెరుచుకుంటే, ఆ సీనులో లాజిక్ లేదని ఇన్ని వేలమంది పెట్టిన లైకులు ఏం కావాలండీ?